అమ్మ గొంతులో అన్ని దేశాలు

మా అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ గొంతు నేను మళ్ళీ విన్నది కాకినాడలో, బయార్ అనే మంగోలియా ఆసామి నోటివెంట.

మనిషి ఆరడుగులుంటాడు. మీసాలు గడ్డం దాటి కిందికి వేలాడుతుంటాయి. ఎదురుగా కూర్చుని వాళ్ళ భాషలో ఏదో మొదలుపెట్టాడు. నా చెవి వెనక అంటించిన బొట్టుబిళ్ళంత రేకు కాస్త వెచ్చబడింది. అంతే, మా అమ్మ వచ్చేసింది. ఆ యానాం సాగదీత, మాట చివర ఊపిరి వదిలే అలవాటు, ఏదీ తప్పలేదు. "మా గుర్రం ఈనిందండీ. పిల్ల తెల్లగా ఉందంట. నేనింకా చూళ్ళేదు, మా ఆవిడ ఫొటో పంపింది" అంది మా అమ్మ.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానంటే ఏం చెప్పను? అమ్మ మాట్లాడుతుంటే కాళ్ళు చాపుక్కూర్చునే అలవాటు మా ఇంట్లో లేదు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి, ఆ మీసాలాయన తన గుర్రప్పిల్ల గురించి చెప్పుకుపోతూనే ఉన్నాడు. ఆ పిల్ల బతికి బట్టకట్టాలని నేను మనసారా కోరుకున్నాను. గుర్రాన్ని నేను దగ్గర్నించి చూసింది లేదు.

నేను దుబాసిని. ఊరు యానాం, చిన్నప్పుడు నేర్చిన ఫ్రెంచి పుణ్యమా అని జెనీవా చేరాను. దేశాలు కొట్లాడుకునే సభల్లో, వెనక గోడకి ఉండే గాజు గదుల్లో, ముప్ఫై ఏళ్ళుగా ఒకరి మాట ఇంకొకరి చెవిలో వేసి పొట్టపోసుకుంటున్నాను. మా పనిలో ఒక పద్ధతుంది. మాట్లాడేవాడు "నా కొడుకు చచ్చిపోయాడు" అంటే మేమూ "నా కొడుకు చచ్చిపోయాడు" అనే అనాలి. "ఆయన కొడుకట" అనకూడదు. లెక్కేస్తే నేను ఎన్నిసార్లు కొడుకుల్ని పోగొట్టుకున్నానో, ఎన్ని యుద్ధాలు ప్రకటించానో నాకే తెలీదు. ఇన్ని చేసినా, విన్నవాళ్ళ మొహంలో ఎప్పుడూ చలనం ఉండదు. నా గొంతు వాళ్ళకి పరాయిది మరి.

అలాంటి నన్ను కాకినాడ రప్పించింది పేరూరి మందాకినిగారు. జెనీవాలో మన రాయబారి. అఖిల దేశ మండలి అధ్యక్ష పదవికి ఆ ఏడాది పోటీలో ఉన్నారు. ఆ ఎన్నికలో ఒక నియమముంది. ఓటింగుకి ముందు అభ్యర్థి సభ ఎదుట నిలబడి, మండలిని ఎలా నడుపుతారో చెప్పి, అడిగినవాటికి జవాబివ్వాలి. మందాకినిగారి ప్రసంగం నకలు అన్ని దేశాలకీ అప్పటికే వెళ్ళిపోయింది. అందులో అసలు సంగతి ఒక్కటే: ఈ మండలిలో ఇకమీద ఎవరూ పరాయి గొంతు వినక్కర్లేదు. అది సాధ్యం చెయ్యగలిగినవాడు ఆవిడ తమ్ముడు ఇందుశేఖర్. కాకినాడలో సముద్రం కనబడే చోట చిన్న ప్రయోగశాల, అందులో అతనికి తోడుగా పనిచేసే బయార్, దానికి ఆనుకుని ఇల్లు. ఇంట్లో వాళ్ళమ్మ సత్యవేణమ్మగారు.

"మీరు ఒప్పుకుంటే ఇంకెవరైనా ఒప్పుకుంటారు గబ్రియేలుగారూ. మీకంటే అనుమానప్పక్షి నాకు దొరకలేదు" అన్నారు మందాకినిగారు, ఫోన్లో నవ్వుతూ. నా పొట్టకొట్టే యంత్రాన్ని నాచేతే పరీక్ష చేయించడమంటే మాటలా! అయినా వచ్చాను.

"ఎలా చేశావయ్యా ఇది?" అన్నాను శేఖర్‌ని, కళ్ళు తుడుచుకుని.

"తర్జుమా చేసే యంత్రాలకేం కొదవండీ, ఫోన్లలోనే బోలెడున్నాయి. మాట అందుతుంది, మనసుకి తగలదు" అన్నాడు. "మనం పుట్టాక మొట్టమొదట ఏ గొంతులో మాట అర్థం చేసుకున్నామో, ఆ గొంతు మెదడులో ఒక అచ్చులా ఉండిపోద్దండి. దాని ముందు అనుమానం అనే తలుపుండదు. ఈ బిళ్ళ ఎదుటివాడి మాటని ఆ అచ్చులో పోస్తాది. అంతే."

ఆ అచ్చు దొరకాలంటే ఎవరికి వాళ్ళు తమ ముద్దుపేరు బిళ్ళకి చెప్పుకోవాలి. చిన్నప్పుడు ఏ పేరుతో పిలిస్తే తల తిప్పామో, ఆ పేరు. దాన్ని పట్టుకుని బిళ్ళ లోపలికి వెళ్తుంది. అందుకే దానికి 'పిలుపు' అని పేరు పెట్టాడు. నాకు ముద్దుపేరు బొండాం. చెప్పడానికి సిగ్గుపడి గోడవైపు తిరిగి చెప్పాను.

"ఇంకో తమాషా చూడండి" అంటూ బయార్‌కి సైగ చేశాడు శేఖర్. బయార్ ఏదో అన్నాడు. మా అమ్మ "నేను తినేశాన్లే, నువ్వు తిను" అంది నా చెవిలో.

"అబద్ధం. తిన్లేదు" అన్నాను వెంటనే.

ఇద్దరూ పగలబడి నవ్వారు. బయార్ నిజంగానే పొద్దుట్నించీ ఏమీ తిన్లేదట. అమ్మ గొంతులో అబద్ధం ఎలా ఉంటుందో తెలియని బిడ్డ ఉంటాడా! సభలో రాయబారులు చెప్పే అబద్ధాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఈ రేకుముక్క ముందు అవేవీ నిలవవు. ప్రపంచంలో ఇంత పెద్ద సంగతి జరుగుతుంటే నేను దాని పక్కన ఉన్నాను కదా అనిపించి, శేఖర్ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నంత పని చేశాను. నా ఉద్యోగం పోతే పోయింది.

మందాకినిగారు ఆ వారం సెలవు పెట్టి ఇంటికొచ్చారు. ఆవిడ మాత్రం బిళ్ళ పెట్టుకోలేదు. "సభలోనే, అందరితోపాటే మొదటిసారి వింటాను. ముందే వినేస్తే మొహంలో ఆశ్చర్యం నటించాల్సి వస్తుంది. నాకు నటన రాదు" అన్నారు.

"రాయబారివి, నీకు నటన రాదా?" అన్నాడు తమ్ముడు.

"ఇంట్లో రాదురా."

మధ్యాహ్నం అందరం భోజనాలకి కూర్చున్నాం. సత్యవేణమ్మగారు వంటింట్లోంచి పులుసు గిన్నె తెస్తూ, "చిట్టీ, ఆ తడిగుడ్డ ఇలా వెయ్యరా, కాలిపోతోంది" అన్నారు.

శేఖర్ కదల్లేదు. అన్నం కలుపుకుంటూనే ఉన్నాడు.

"చిట్టీ, నిన్నేరా!"

అతను తలెత్తి నావైపు చూశాడు. "ఎవరో పిలుస్తున్నారండీ. మీకేమైనా..." అని, మాట మధ్యలో ఆగిపోయాడు. నేను వాడి వెనక నిలబడ్డ వాళ్ళమ్మని చూస్తున్నాను. నా చూపు వెంట వాడూ తిరిగాడు. గిన్నె చేతిలో పెట్టుకుని ఆవిడ నిలబడి ఉన్నారు. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. కొడుకు ఆ పెదాల్నే చూస్తున్నాడు, కొత్త చోట దారి అడిగినవాడు చూసినట్టు.

"అమ్మా, ఇంకోసారి పిలు" అన్నాడు.

"చిట్టీ."

"ఇంకోసారి."

ఆవిడ పిలుస్తూనే ఉన్నారు. గిన్నె నేను అందుకున్నాను, వేళ్ళు చురుక్కుమన్నాయి. శేఖర్ అక్కవైపు తిరిగాడు. "మాట అర్థమవుతోందక్కా. అమ్మ అనీ తెలుస్తోంది, చూస్తున్నాను గదా. గొంతు మాత్రం... ఎవరిదో" అన్నాడు.

ఆ సాయంత్రమే పరీక్ష పెట్టారు. వీధిలో అయిదుగురు ఆడవాళ్ళ చేత ఒకే మాట చెప్పించి, వాళ్ళమ్మ గొంతూ కలిపి వినిపించారు. శేఖర్ పోల్చుకోలేకపోయాడు. బయార్ కూడా భయపడి ఇంటికి ఫోన్ చేశాడు. వాళ్ళమ్మతో చాలాసేపు మాట్లాడి, మెట్ల మీద వచ్చి కూర్చున్నాడు. "ఎలా ఉన్నారు?" అని అడిగాను. "చాలా మంచావిడలా ఉన్నారు" అన్నాడు ఇంగ్లీషులో.

జరిగిందేమిటో శేఖర్‌కి ముందుగా అర్థమైంది. అచ్చు తీసి ఊరందరికీ అరువిస్తుంటే, అది ఎవరిదన్న గుర్తు అరిగిపోతోంది. చప్పగా విన్న మాటకి తక్కువ అరుగుతుంది. గుండెకి తగిలిన మాటకి ఎక్కువ అరుగుతుంది. కొందరికి నెలలు పట్టొచ్చు, కొందరికి ఒక్క పూట చాలు. ఎవరికెంతో ముందే చెప్పే దారి లేదు.

"ఇన్ని నెలలు వాడుతూ ఎలా కనిపెట్టలేదయ్యా?" అన్నాను కోపం ఆపుకోలేక.

"అమ్మ పక్క గదిలోనే ఉంది గదండీ" అన్నాడు. "పొద్దున లేస్తే అమ్మ గొంతే. అరిగినా మళ్ళీ నిండిపోద్దనుకున్నాను. అమ్మ ఇంట్లో ఉండగా అమ్మ గొంతు ఎక్కడికి పోద్దీ అనుకున్నాను. మా అందరిదీ అదే లెక్క. అసలు ఆ పరీక్ష పెట్టాలనే తట్టలేదు."

అమ్మతో కలిసి ఉండే కొడుకు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు అది. ఒక్కపూట బిళ్ళ పెట్టుకున్న పాపానికి నాకూ భయం పట్టుకుంది. కళ్ళు మూసుకుని అమ్మని తలుచుకున్నాను. గొంతు వచ్చింది. మాట చివర ఊపిరి మాత్రం వినబడలేదు.

సత్యవేణమ్మగారు ఏడవలేదు. కొడుకు పక్కన చాప మీద కూర్చుని, "రోజూ పిలుస్తాన్రా. మళ్ళీ నేర్చుకో. మొదటిసారి నేర్పలేదా ఏంటి నీకు?" అన్నారు. వెంటనే మొదలుపెట్టేశారు కూడా. "చిట్టీ" అనడం, వాడు "ఆఁ" అనడం. ఎనభై దగ్గరపడుతున్న మనిషి, యాభై దగ్గరపడుతున్న కొడుకుతో అలా ఆడుతుంటే చూడలేక బయటికొచ్చాను.

మందాకినిగారు గోడకానుకుని సముద్రంకేసి చూస్తున్నారు.

"ఇప్పుడేం చేస్తారు?" అన్నాను.

"మీరైతే ఏం చేస్తారు?"

"ఆ ప్రసంగం చూసే సగం దేశాలు మీవైపు వచ్చాయి. ఇప్పుడు ఇందులో ఇలాంటి తిరకాసు ఉందంటే ఒక్కరు నిలబడరు. ఒక్క గంట ప్రదర్శనకి పెద్దగా అరగదు. చెప్పకుండా కానిచ్చేసి, గెలిచాక సరిచేసుకోవచ్చు." ఇలాంటి సలహాలు నేను ముప్ఫై ఏళ్ళు వినివిని ఉన్నాను. ఒకటి నా నోటంట కూడా వచ్చేసింది.

"ఆ హాల్లో కూర్చున్నవాళ్ళలో ఎంతమందికి తల్లులు లేరో" అన్నారావిడ. "వాళ్ళకి మిగిలింది ఆ గొంతొక్కటే. అది జేబులోంచి కొట్టేసి, ఆ సొమ్ముతో కుర్చీ ఎక్కమంటారా?"

"అయితే ఆపేస్తారా?"

"ఆపేస్తే బయార్ గుర్రప్పిల్ల మీ గుండెలోకి వచ్చేదా గబ్రియేలుగారూ?"

లోపల్నుంచి "చిట్టీ" అన్న పిలుపు వస్తూనే ఉంది.

జెనీవాలో ఆ రోజు సభ కిక్కిరిసిపోయింది. నడవాల్లో కూడా జనం నిలబడ్డారు. ప్రతి బల్ల మీదా బిళ్ళ ఉంటుందని అందరూ ఆశపడి వచ్చారు. బల్లలన్నీ ఖాళీ. మందాకినిగారి ముందు మాత్రం ఒక చిన్న చెక్కపెట్టె ఉంది.

సభలో ఎవరైనా సరే, సొంత దుబాసిని తెచ్చుకుంటే సొంత భాషలో మాట్లాడొచ్చు. గాజు గదిలో నేను మైకు సవరించుకున్నాను. మందాకినిగారు తెలుగులో మొదలుపెట్టారు. ఆ గోడలు తెలుగు వినడం అదే మొదలు. నేను ఫ్రెంచిలో చెప్తుంటే, మిగతా గదులవాళ్ళు నా మాట పట్టుకుని తమ తమ భాషల్లోకి తీసుకెళ్తున్నారు.

"మీకు పంపిన ప్రసంగంలో ఒక మాట తప్పు" అన్నారు. "ఈ బిళ్ళకి ఖర్చు లేదని రాశాను. ఉంది. ఇది పెట్టుకుంటే మీ అమ్మ గొంతు అరిగిపోతుంది. మా తమ్ముడికి అరిగిపోయింది. మా అమ్మ పిలిస్తే వాడు తల తిప్పడంలేదు."

"మా తమ్ముడు" అంటున్నప్పుడు నా గొంతు వణికింది. దుబాసికి అది తప్పు. ఎవరూ గమనించలేదు.

"నేను అధ్యక్షురాలినైతే వీటిని ప్రతి కుర్చీకీ పంచను. ఈ పెట్టెలో పెట్టి తాళం వేస్తాను. ఏ దేశం మాట వినేది లేదని మీరు ఒట్టేసుకు కూర్చున్నారో, ఆ మాట వినడానికి మీ అమ్మ గొంతు ఇచ్చేందుకు సిద్ధపడి అడగండి. ఆ రోజు తాళం తీస్తాను. మిగతా రోజుల్లో ఆ గాజు గదుల్లో మనుషులున్నారు. వాళ్ళ మాటే వినండి. చెవిన పెట్టి వినండి. నా దగ్గర ఇంతకంటే గొప్ప ఆలోచన లేదు."

గాజు గదుల గురించి నేనే చెప్పుకోవాల్సి వచ్చింది.

ప్రశ్నల సమయం వచ్చింది. మొదట చెయ్యెత్తింది ఒక పెద్దావిడ. ఏ దేశమో చెప్పను, మా వృత్తిలో చెప్పకూడదు. ఒక నదికి దిగువనున్న దేశం. ఎగువనున్న దేశం ఆనకట్ట కట్టి నీళ్ళాపేసింది. ఏళ్ళ తరబడి ఆవిడ అదే గోడు చెప్పుకుంటోంది. ఆవిడ లేవగానే ఎగువ దేశం ప్రతినిధి హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టేసి, కాగితాలు తిరగేస్తాడు. అది ఆ సభలో అందరికీ అలవాటైపోయిన దృశ్యం. ఆ రోజూ తీసి పెట్టాడు.

"మా అందరి తల్లుల్నీ అడుగుతున్నావు. నీ తల్లిని ఇస్తావా? నా మాట వినడానికి?" అంది ఆవిడ.

మందాకినిగారు పెట్టె తెరిచి ఒక బిళ్ళ తీసి చెవి వెనక అంటించుకున్నారు. మైకు ఆపడం మర్చిపోయారు. తల వంచి, చిన్నగా, "బుజ్జులు" అన్నారు. సభంతా విన్నది. దుబాసీగా నా బతుకులో తర్జుమా చెయ్యకుండా వదిలేసిన మాట అదొక్కటే.

"చెప్పండమ్మా" అన్నారు.

పెద్దావిడ చెప్పింది. "మా నది దాటడానికి ఇప్పుడు పడవ అక్కర్లేదు. పిల్లలు నది మధ్యలో బంతాట ఆడుతున్నారు. ఇది నదిరా అంటే నమ్మరు, కథలు చెప్తున్నావంటారు. మా ఇంటికి రోజుకో బిందె వస్తుంది. నా కోడలు నిండు చూలాలు. గ్లాసు నా చేతికిచ్చి, నేను తాగేశాను అత్తయ్యా, మీరు తాగండి అంటుంది."

ఆవిడ దుబాసి ఫ్రెంచిలో చెప్తుంటే నేను హెడ్‌ఫోన్లో వింటున్నాను. నాకు అందింది ఆ పొడిమాటే. మందాకినిగారికి అందిందేమిటో ఆవిడ మొహంలో కనబడింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ సభలో చూడనిది చూశాను. అంత పెద్ద రాయబారీ బడినుంచి ఇంటికొచ్చిన పిల్లలా అయిపోయి, రెండు చేతులూ బల్లమీద పెట్టి, "ఆఁ... ఆఁ..." అంటూ వింటున్నారు. కన్నీళ్ళు తుడుచుకోవడంలేదు. తుడుచుకుంటే ఎక్కడ ఒక మాట తప్పిపోతుందో అన్నట్టుంది. ఆ హాల్లో అంతమందీ, కొట్టుకు చచ్చేవాళ్ళతో సహా, ఊపిరి బిగబట్టి ఒక మనిషి వినడాన్ని చూస్తున్నారు. వినడం అంటే ఇదన్నమాట, ఇన్నాళ్ళూ మేము చేసింది ఏమిటో అనుకున్నాను. నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

అప్పుడు ఎగువ దేశం ఆయన లేచాడు. భారీ మనిషి, మోకాళ్ళ నొప్పులు, ఒక్కో మెట్టూ దిగి ముందుకొచ్చి చెయ్యి చాచాడు. మందాకినిగారు బిళ్ళ ఇచ్చారు. ఆయన మైకు ఆపి, గోడవైపు తిరిగి, తన ముద్దుపేరు చెప్పుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. తర్వాత పెద్దావిడ పక్కన ఖాళీ కుర్చీలో కూర్చుని, "మొదట్నించీ చెప్పండి" అన్నాడు.

ఓట్లు లెక్కపెడుతుండగా మందాకినిగారు నడవాలో కిటికీ దగ్గరికి వచ్చారు. నేను మంచినీళ్ళు తెచ్చి పక్కన నిలబడ్డాను. ఫోన్ మోగింది. ఆవిడ స్పీకరు నొక్కారు.

"ఏవే బుజ్జులూ, ఏవైనా తిన్నావా?"

మందాకినిగారు ఫోన్‌ని మొహానికి దగ్గరగా తెచ్చి, తెర మీద పేరు చూసుకున్నారు. చూసుకుని, "తిన్నానమ్మా" అన్నారు.

రోజూ కొడుకుతో ఆడుతున్న ఆవిడకి ఆ ఆలస్యం తెలియకుండా ఉంటుందా?

"నీకూ పోయిందా?"

"పోయిందమ్మా."

వెనకనుంచి శేఖర్ "అక్కా" అంటున్నాడు. సత్యవేణమ్మగారు వాణ్ణి ఉండమన్నారు. ఫలితం చెప్పడానికి ఒక ఉద్యోగి నవ్వుకుంటూ మావైపు పరిగెత్తుకొస్తున్నాడు. గెలిచారని వాడి మొహంలోనే ఉంది. మందాకినిగారు అరచెయ్యి చూపించి వాణ్ణి ఆపేశారు.

"నా గొంతుతో ఎవరు మాట్లాడారే?" అంది ఫోన్లో గొంతు.

"ఒక పెద్దావిడమ్మా. నీ వయసే ఉంటుంది."

"ఏం అడిగింది?"

"నీళ్ళడిగిందమ్మా."

"మరి ఇచ్చారా?"

మందాకినిగారు తల తిప్పి సభలోకి చూశారు. హాలు దాదాపు ఖాళీ అయింది. ఎగువ దేశం ఆయన ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నాడు, తల వంచుకుని, పెద్దావిడ వైపు చెవి పెట్టి.

"ఇంకా వింటున్నాడమ్మా" అన్నారు.